సాగుతో పనిలేని పెట్టుబడి సాయం

రైతుబంధు పథకం నడిచిన రోజుల్లో రైతు అంటే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు. దున్నడం, నాటడం, కలుపు తీయడం అదనపు అర్హతలు. లేకపోయినా నష్టం ఉండేది కాదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు దీన్ని ప్రారంభించినప్పుడు సీజనుకు ఎకరాకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచారు. మరుసటి ఏడాది అది 5,000 అయింది. అప్పులవాళ్ల గుమ్మం తొక్కకుండా అదునుకు విత్తనం, ఎరువు కొనుక్కోవాలన్నది ఉద్దేశం. అందులో వంకపెట్టడానికేమీ లేదు. సొంత చెలక దున్నుకునే చిన్న రైతుకు ఆ డబ్బు అక్కరకొచ్చింది కూడా.

విస్తీర్ణానికి పరిమితి లేకపోవడం పథకం విశిష్టత. ఎకరం ఉన్నవాడికి ఏడాదికి పదివేలు, యాభై ఎకరాల ఆసామికి అయిదు లక్షలు అందేవి. మొహమాటపడే ధనవంతులు వద్దని రాసిచ్చే వీలూ కల్పించారు. దానికోసం తొక్కిసలాట జరిగిన దాఖలా లేదు.

భూమి విషయంలోనూ ఇదే ఉదారత. రికార్డులో వ్యవసాయ భూమి అని ఉంటే సరిపోయేది. హద్దురాళ్లు పాతి, ప్లాట్లు చేసి, అమ్మకానికి బోర్డు పెట్టిన వెంచర్లలో సైతం రికార్డు మారనంతకాలం వానాకాలం, యాసంగి రెండు పంటలూ పండాయి, బ్యాంకు ఖాతాలో.

ఇక కౌలు రైతు. 2023 వానాకాలంలో బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ ధర 853 రూపాయలు, డీఏపీ బస్తా 1,350. ఎకరాకు రెండు ప్యాకెట్లు, రెండు బస్తాలు అనుకుంటే 4,406. సర్కారు సాయం దాదాపు అక్కడికే సరి. అయితే ఎరువుల దుకాణం ఖాతాపుస్తకంలో బాకీ ఎక్కేది కౌలుదారు పేరిట, సాయం జమయ్యేది పట్టాదారు పేరిట. ఆయన హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా ఇబ్బంది లేదు. కౌలు పైకం ఆయనకే, పెట్టుబడి సాయమూ ఆయనకే. పెట్టుబడి మాత్రం ఇంకొకరిది. 5 లక్షల రైతుబీమాకూ ఆ పాసుపుస్తకమే ఆధారం. అప్పులపాలై ప్రాణం తీసుకున్న కౌలుదారు ఇంటికి అది రాదు. రికార్డు ప్రకారం చనిపోయినవాడు రైతే కాదు మరి.

కౌలుదార్లను గుర్తించడం కష్టమన్నది దీనికి చెప్పే సమాధానం. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది. రికార్డుల ప్రక్షాళన పేరిట దాన్ని తీసేశారు. అద్దం పగలగొట్టి మొహం కనబడడం లేదన్నట్టుంది వ్యవహారం.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ పార్టీ రైతులకూ, కౌలు రైతులకూ ఏడాదికి ఎకరాకు 15,000 ఇస్తామంది. 2025 జనవరి 26న రైతుబంధు స్థానంలో రైతుభరోసా మొదలయ్యేసరికి 15,000 కాస్తా 12,000 అయింది. రాళ్లు రప్పలు, వెంచర్లు జాబితాలోంచి పోయాయి. అంతవరకు మెచ్చుకోవలసిందే. కౌలుదారు పేరు మాత్రం అందులో చేరలేదు.

నిజానికి ఉమ్మడి రాష్ట్రంలోనే, 2011లో, కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆ కార్డు ఏడాదికే చెల్లుతుంది, భూమిపై ఏ హక్కూ ఇవ్వదు, కాబట్టి పట్టాదారు బెంగపడవలసిన పనిలేదు. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. అమలు చేయడమే మిగిలింది.