అన్నీ కవర్ అయిపాయ!

మా చాగలమర్రిలో యాత్రికులు ఆగరు. కర్నూలు–కడప రోడ్డు మీద పోయే కార్లన్నీ అద్దాలు బిగించుకుని మా ఊరు దాటిపోతాయి. ఆగేవాడు ఒక్కడే, టోల్‌గేటు కాడ ఫాస్టాగ్‌లో డబ్బులు లేనివాడు. అట్లాంటిది, మా అల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "మామా, హెరిటేజ్ టూర్ పెట్టుకున్నాం, రాత్రికి మీ ఇంట్లోనే పడక" అనేసరికి ఊరికేదో బిరుదు వచ్చినట్టయింది. మా ఆవిడ పెట్టెలోంచి కొత్త దుప్పట్లు తీసింది.

నలుగురు మనుషులు దిగినారు, ఐదు ఫోన్లు దిగినాయి. అల్లుడు జేబులోంచి కాగితం తీసి చదివినాడు. ఆరింటికి అహోబిలం, పదకొండుకు మహానంది, ఒంటిగంటకు యాగంటి, మూడున్నరకు బెలుం గుహలు. బెలుం పక్కన పెన్నుతో "బుద్ధిజం" అని రాసి కింద గీత గీసినాడు.

"అదేందిరా?"

"హిందువులవి మూడు పెట్టినాం గద మామా. బౌద్ధం ఒకటన్నా ఉండల్ల. ఒక్కరోజులో అన్నీ కవర్ అయిపోతాయి."

పెండ్లి విస్తట్లో అప్పడం పెట్టినట్టు బుద్ధుణ్ణి ఒక మూలన పెట్టినారన్నమాట.

"ఎర్రగుడి లేదేమబ్బా?" అన్నా.

"ఏముంది ఆడ?"

"రాళ్ళు. అశోకుడు రాయించినవి."

"రాళ్ళకేం ఫోటో వస్తాది మామా!"

నిజమే, రాదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఆ బండలు ఎండలో పడి ఉన్నాయి. 1929లో భూగర్భశాస్త్రవేత్త అనూ ఘోష్ కంటబడేదాకా అవి గొర్రెలు నీడకు చేరే గుండ్లు. అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఒకేచోట ఉన్న తావు అది. అందులో ఎనిమిదోది అచ్చం టూర్ల గురించే. పూర్వం రాజులు విహారయాత్రలకు పోయేవాళ్ళు, వేటలాడేవాళ్ళు, నేను పట్టాభిషేకమైన పదేళ్ళకు బోధివృక్షం దగ్గరికి పోయి అప్పటినుంచి ధర్మయాత్రలు మొదలుపెట్టినా అంటాడు. ధర్మయాత్రలో ఏం చేయాలో గూడా చెప్పినాడు: శ్రమణులనూ బ్రాహ్మణులనూ చూడటం, దానమివ్వటం, ముసలివాళ్ళను పలకరించి ధనసాయం చేయటం, పల్లెజనాన్ని కలిసి మాట్లాడటం. ఈ జాబితాలో సెల్ఫీ లేదు, మధ్యాహ్నం బిర్యానీ లేదు.

అదే ఎర్రగుడిలో ఒక లఘుశాసనం ఉంది. దాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతే, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి, ఎద్దులు సాలు తిరిగినట్టు. మనవాళ్ళు ఎనిమిదో శాసనాన్ని గూడా అట్లాగే తిరగేసి చదువుకున్నారు. బ్యానరు ధర్మయాత్రది, లోపల నడిచేది విహారయాత్ర.

తెల్లారి నన్ను గూడా కార్లో వేసుకున్నారు, గూగులమ్మ దారి తప్పితే చెప్పేదానికి.

ఆళ్లగడ్డ రాగానే "ఆపురా" అన్నా. కాగితంలో లేదు గాబట్టి ఐదు నిమిషాలే ఇచ్చినాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మొహానికి గుడ్డ కట్టుకుని, కనురెప్పల దాకా తెల్లదుమ్ముతో శిల్పి పని చేస్తున్నాడు. కట్టర్ మిషను ఆపితే ఉలి చప్పుడు వినబడింది. షెడ్డు ముందర వరసగా ఆంజనేయుడు, బుద్ధుడు, అంబేద్కరు, ఇంకా మెడ దాకానే అయిన ఒక నాయకుడు. ఆ నాయకుడు ఎవరో చెప్పను, మీ ఊరి సెంటర్లో చూస్తారు.

"ఏది కష్టం ఆచారీ?" అని అడిగినా.

"బుద్ధునిదేముంది సార్, కండ్లు సగం మూస్తే సరిపాయె. నాయకునికే, పండ్లు కనపడల్ల, చెయ్యి పైకెత్తల్ల, వాచీ గూడా పెట్టల్ల."

దేశదేశాలకు పోయే ఈ చేతిపని మా తాలూకా వారసత్వం. అల్లుడు మాత్రం "మామా, ఇవి కొత్తవి గద, హెరిటేజ్ గాదు" అని హారన్ కొట్టినాడు. ఉలి పట్టుకున్న చెయ్యి కండ్ల ముందర ఆడుతుంటే అది వారసత్వం కాదంట. ఆ చెయ్యి చచ్చిపోయి, దాని చుట్టూ కంచె వేసి, కంచెకు టికెట్టు పెడితే అప్పుడు వస్తారు.

అహోబిలంలో నరసింహులు తొమ్మిదిమంది. జ్వాలా నరసింహుని దగ్గరికి కట్టె పట్టుకుని కొండ ఎక్కల్ల. పావన నరసింహుని దగ్గరికి అడవిలో జీపు మీద ఎముకలు లెక్కబెట్టుకుంటూ పోవల్ల. మావాళ్ళు దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదునికి ఒక దండం, రాయలు నాటించినాడని చెప్పే జయస్తంభానికి ఆనుకుని నాలుగు ఫోటోలు పడేసి, కొండవైపు చెయ్యి చూపించి, "మిగిలినోళ్ళంతా ఆ పక్కనే గద, కవర్ అయినట్టే" అన్నారు. తొమ్మిదిమందినీ ఒక్క వేలితో దర్శించినవాళ్ళను నేను అదే మొదలు చూడటం.

నాకు నవ్వొచ్చింది గానీ, ఒక మాట చెప్పుకోవల్ల. అహోబిలం దేవునికి గూడా టూరుంది. పార్వేట అంటాం. కనుమనాడు ఎగువ జ్వాలా నరసింహుడు, దిగువ ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో కూచుని, తమ పెండ్లికి రాండని పిలుస్తూ నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన పల్లెలు తిరుగుతారు. బోయీలు మోస్తారు. రాత్రయితే ఏ పల్లెకు చేరితే ఆ పల్లెలోనే మకాం. ఆడబిడ్డలు పుట్టిండ్లకు వస్తారు, తగువుపడ్డ అన్నదమ్ములు గూడా ఆ ఒక్కరోజు ఒకే పందిట్లో నిలబడతారు. పేరు చూస్తే వేట. చేసేది పల్లెజనాన్ని కలవటం. వేటలు మానమన్న అశోకుడు ఈ వేటను చూసుంటే ఇంకో బండ వెతుక్కునేవాడు. దేవుడు మన ఇంటికి వస్తే రాత్రంతా ఉంటాడు. మనం ఆయనింటికి పోతే కారు ఇంజను గూడా ఆపం.

దాతల సంగతి చెప్పకపోతే ఈ రాత అసంపూర్తి. గుడి పేరు చెప్పను, మీ ఊరి గుడే అనుకోండి. రాతిమండపంలో ఒక స్తంభానికి శాసనం ఉంది. దాని మీద పోయినేడు ఆయిల్ పెయింటు కొట్టినారు. ఈ ఏడు అక్షరాల గుంతల్లో ఇంకో పూత నిండింది. ఏ రాజు ఏ చెరువు కింద ఎంత మాన్యమిచ్చినాడో అంతా పచ్చరంగు కింద నిద్రపోతోంది. శాసనం గూడా కవర్ అయిపాయె. దాని పక్కనే నున్నటి గ్రానైటు పలక, దాంట్లో టైల్స్ ఇచ్చినవాళ్ళ పేర్లు, ఇంటిపేర్లతో, సెల్ నంబర్లతో. పైన ఫ్యాను. మూడు రెక్కల మీదా దాత పేరు, భార్య పేరు, అమెరికాలో ఉన్న కొడుకు పేరు. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, కరెంటు పోతేనే ఆ పుణ్యం బయటపడుతుంది. ఎర్రగుడి శాసనాల్లో అశోకుని పేరే లేదు. దేవానాంప్రియుడు అని ఊరుకున్నాడు. ఆయన పేరు పెట్టి రాసిన రాళ్ళు మస్కి, గుజర్రా లాంటి నాలుగు చోట్లే దొరికినాయి. ఫ్యాను ఇచ్చుంటే తెలిసేది ఆయనకు.

మహానందిలో కోనేటి నీళ్ళ అడుగున రూపాయి బిళ్ళ కనపడిందని పది నిమిషాలు వీడియో. శివుడు వీడియోలో లేడు.

యాగంటికి ఒంటిగంట దాటినాక చేరినాం. ఆడ బసవన్న ఇరవై ఏండ్లకు ఒక అంగుళం పెరుగుతాడని చెప్తారు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి మాట. అల్లుని చిన్నకొడుకు కాసేపు ఆయన్నే చూసి "పెరగలేదు నాన్నా" అని బయటికొచ్చినాడు. యాగంటికి కాకులు రావు, అగస్త్యుని శాపమంట. ఆ మహాముని కాకులకు పెట్టి ఊరుకున్నాడు గానీ, చిప్సు కవర్లకు గూడా పెట్టుంటే కోనేటి మెట్లు బాగుండేవి.

ఇంక బెలుం. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే ఈ గుహల గురించి రాసినాడు. ఆ తర్వాత వందేండ్లు మనం దాంట్లో చెత్త పోసుకున్నాం. 1982–83లో డేనియల్ గెబవర్ అనే జర్మనాయన మనుషులతో వచ్చి, పాకుతూ దూరుతూ కొలిచి పోయినాడు. పొడవు 3,229 మీటర్లు. చెత్త తీసి, లైట్లు పెట్టి, జనానికి తలుపు తీసింది 2002లో. ఒకప్పుడు జైన, బౌద్ధ భిక్షువులు ఉండిన చోటు. మా కాగితంలో "బుద్ధిజం" అంటే ఇదే.

గుహల దగ్గర గుట్ట మీద పెద్ద తెల్లని బుద్ధుని విగ్రహం ఉంది, మొన్నమొన్నటిది. కారు దిగంగానే కనబడుతుంది. మావాళ్ళు ఆయన ముందర పద్మాసనాలు వేసి, కండ్లు మూసుకుని, ఒక కన్ను తెరిచి ఫోటో వచ్చిందో లేదో చూసుకున్నారు. పొద్దున కొత్తవి హెరిటేజ్ గాదన్న నోరు ఇప్పుడు మూతపడింది.

"లోపలికి రాండి" అన్నా.

"బుద్ధుడు బయటే ఉన్నాడు గద మామా!"

బలవంతాన దించినా. ఉక్క. చొక్కా వీపుకు అంటుకుంది. కోటిలింగాల దాకా గూడా పోలేదు, అల్లుడు ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పి, "సిగ్నల్ పాయె" అని తిరుక్కున్నాడు. ఎవరూ పిలవని చోటు వెతుక్కుంటూ భిక్షువులు ఇంత లోతుకు దిగినారు. వీడు ఎవరూ పిలవలేదని పైకెక్కినాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరినారు. మా ఆవిడ దుప్పట్లు మడతబెడుతుంటే ఫోను మోగింది. వెనకాల ఒకటే హారన్లు.

"మామా, టోల్‌గేటు కాడ నిలిపేసినారు. ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవు. రీచార్జి చేస్తుండా, ఎక్కటం లేదు."

"ఎంతసేపట్నుంచి?"

"ఇరవై నిమిషాలాయె. అహోబిలంలో గూడా ఇంతసేపు నిలబడలేదు."

కాసేపు ఆగి, నవ్వుతూ అన్నాడు: "పోనీలే మామా, మీ ఊరు గూడా కవర్ అయిపాయె."