లాగు పోయిన వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: మార్టూరి రేగడిలో ప్రత్తి మిరపల నడుమ పెరిగి, అమీర్‌పేటలో కోబాలును జేసీఎల్‌ను అభ్యసించి, నగరమున నొక బ్యాంకు మెయిన్‌ఫ్రేమునకు రాత్రికాపరియైన మేనల్లుడు, బ్రతుకంతయు ప్రత్తికొట్టులో గుమాస్తాగిరి సల్పిన మేనమామకు వేకువజామున ఫోనులో విన్నవించిన వాక్యమిది. చూచుటకు స్వల్పము, అర్థమున అగాధము, కావున వ్యాఖ్యానింపబడుచున్నది.

మూలము: “మామయ్యా, లాగు పోయింది. రెండోది బాగానే ఉంది. భయంలేదు.”

ప్రతిపదార్థము: మామయ్యా = ఓ మాతులా; లాగు = డేటాబేసునందలి ప్రతి మార్పును జరిగిన వరుసనే లిఖించు దినచర్య; పోయింది = చదువ నలవికానిదాయెను; రెండోది = అదే వ్రాత వేరొక డిస్కుపై వ్రాయబడిన జంటప్రతి; బాగానే = లోపములేకయే (ఇచ్చటి ఏకారము పరీక్షించి పలికిన మాటయని సూచించును); ఉంది = నిలిచియున్నది; భయంలేదు = ఖాతాదారుల సొమ్మునకు హాని కలుగదు.

పూర్వపక్షము: లాగనగా మోకాలి పైవరకు వచ్చు వస్త్రవిశేషమనియు, ఒకటి పోయినను మరియొకటి కలదు గనుక మర్యాదకు లోటులేదనియు కొందరందురు. ఫోనెత్తిన అత్తయ్యయు తొలుత నట్లే గ్రహించెను. అర్థము రమ్యమే కాని ప్రకరణవిరుద్ధము. శ్లేషగా మాత్రము గ్రాహ్యము.

తాత్పర్యము: కొట్టులో గుమాస్తా ప్రతి బేరమును జరిగినదే తడవుగా చిట్టాకెక్కించి, పిమ్మట తీరికగా ఆవర్జాలో పేరుపేరున పంచి వ్రాయును గనుక, ఆవర్జాను చెదలు తినినను చిట్టాను బట్టి దానిని మరల వ్రాయవచ్చును, చిట్టాయే పోయినచో, ఆవర్జా ఎంత ముచ్చటగా నున్నను, అందు తెగిన బేరమేదో తెగనిదేదో చెప్పువాడుండడు. 1983లో ఐబీఎం ప్రకటించిన డీబీ2 అను డేటాబేసు ధర్మమును ఇదియే: మార్పు లాగున కెక్కక మునుపు, మారిన పుట డిస్కునకు పోరాదు. యంత్రము పడి లేచినపుడు లాగును చదివి, జరిగినదంతయు మరల జరిపి, పిదప సగములో నిలిచినవానిని వెనుకకు నడచుచు రద్దుచేయును. ఈ మర్మమును సి. మోహన్ ప్రభృతులు 1992లో ఏరీస్ అను పేర శాస్త్రముగా కూర్చిరి; మన గుమాస్తా శాస్త్రమెరుగకయే ఆచరించెను.

విధి: ఏ లాగు ఏ లాగున నున్నదో తెలుపు బూట్‌స్ట్రాప్ డేటాసెట్టను పట్టికను అచ్చువేసి చూచి, డీబీ2ను నిలిపి, బాగున్న ప్రతిని రీప్రో అను ఆజ్ఞచే క్రొత్త డేటాసెట్టునకు దింపి, పట్టికలో చెడినదాని పేరు కొట్టివేసి క్రొత్తదానిని చేర్పవలయును.

నిషేధము: రెండును పోయినచో లాగును కత్తిరించి యంత్రమును లేపు కండిషనల్ రీస్టార్టు కలదు. అది చికిత్స కాదు, ప్రాయశ్చిత్తము; డేటాను పూర్వపు నకళ్లనుండి వెనుకటి ఘడియకు మరల్చి, ఆపై జరిగిన బేరములకు నీళ్లు వదలుకొనవలయును.

విశేషము: మూలమున “భయంలేదు” అనుట చింత్యము. మాతులుడు ఆవులించుచునే దీనిని ఖండించెను: “ఉన్నది ఒక్కటైతే అది రెండోదెట్లా అవుద్దిరా అల్లుడూ? ముందు నకలు తియ్యి, తర్వాత ఫోన్ చెయ్యి.”