గుర్రపుడెక్క కోయని బైపీసీ

మా రోజుల్లో డాక్టరవ్వాలనుకున్న కుర్రాడు పదో తరగతి దాకా అందరిలాగే పెరిగేవాడు. పగలు జిల్లా పరిషత్ హైస్కూలు, సాయంత్రం కాలవలో ఈత. సైన్సు మాస్టారు గుర్రపుడెక్క పీక్కురమ్మనేవారు. ఉబ్బిన కాడను బ్లేడుతో అడ్డంగా కోయించి, లోపలి గాలి గదులు చూపించి, అదెందుకు నీళ్ళమీద తేలుతుందో మాచేతే చెప్పించేవారు.

బోదకాలును పుస్తకంలో చదవకముందే వీధి అరుగులమీద చూశాం. ఆరోగ్యశాఖ వాళ్ళు రాత్రిపూట వచ్చి, వేలు పొడిచి నెత్తురు చుక్క తీసుకెళ్ళేవారు. "పగలు రావచ్చుగా?" అనడిగితే, బోదకాలు పురుగు పిల్లలు నెత్తుట్లో పైకి తేలేది రాత్రే అన్నారు. నాకు జువాలజీ మొదలైంది అక్కడే.

ఆ జబ్బుకు 1947లో మందు తెచ్చిన పరిశోధనకు సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895లో, భీమవరంలో. రాజమండ్రిలో చదివి, చివరికి మద్రాసులో మూడోసారికి మెట్రిక్ గట్టెక్కారు. అలాంటి పిల్లాడు ఇవాళ మనింట్లో ఉంటే ఏడో తరగతిలోనే చివరి సెక్షన్‌లో పడేస్తారు.

ఇప్పుడు ఆరో తరగతి నుంచే నీట్ ఫౌండేషన్! 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పుకో మార్కు కోత. ర్యాంకులో ఇంటర్ మార్కులకు విలువ లేదు కాబట్టి ప్రాక్టికల్స్ రికార్డు రాతతో సరి. మార్కులు రాలతాయని తెలుగు వదిలి సంస్కృతం. రేపు లంక గ్రామం నుంచి వచ్చిన ముసలమ్మ "గుండె దడ బాబూ, కాళ్ళు లాగేస్తన్నాయి" అంటే, కూర్చోబెట్టి ఆరా తీసే ఓపిక వీళ్ళకు ఎవరు నేర్పారు?

మంచి జరగలేదనను. మా గోదావరి జిల్లాలకు అప్పట్లో 1958లో పెట్టిన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ ఒక్కటే దిక్కు. ఇప్పుడు అమలాపురంలో కాలేజీ ఉంది, 2023లో రాజమండ్రికీ ఏలూరుకీ ప్రభుత్వ కాలేజీలొచ్చాయి. సంతోషం. కాలేజీ దగ్గరికొచ్చింది గానీ కాలవగట్టు పిల్లలకు దూరమైంది.

తల్లిదండ్రులకు నేను చెప్పేదొకటే. పదో తరగతి దాటేదాకా ర్యాంకు మాట ఎత్తకండి. వేసవి సెలవుల్లో మీ పిల్లను ఊళ్ళో ముసలివాళ్ళకు తోడిచ్చి పీహెచ్‌సీకి పంపండి. ఓపీ చీటీ దగ్గర్నుంచి మందుల కిటికీ దాకా వెంట ఉండనివ్వండి. పుండు చూసి, ఏడుపు విని, అప్పటికీ డాక్టరవుతానంటే ఆ పిల్లకు నీట్ పుస్తకాలు కొనివ్వండి. రెండేళ్ళ ఇంటర్ చాలు.