గాంధీ కార్యదర్శి టైపు మిషన్ కథ

ఈ టైపు మిషన్ వి. కల్యాణం చేతికింద పనిచేసింది. మహాత్మా గాంధీకి ఆఖరి సంవత్సరాల్లో వ్యక్తిగత కార్యదర్శిగా ఇంగ్లీషు ఉత్తరాల పని చూసి, తరవాత చెన్నైలో స్థిరపడినవారు ఆయన. టైపు మిషన్‌కు సొంత మాట ఉండదు. ఏ మీట నొక్కితే ఆ అక్షరమే కాగితం మీద పడుతుంది. కార్యదర్శి ధర్మమూ అదే. నాయకుడి మాటకు ఒకటి చేర్చకూడదు, ఒకటి తగ్గించకూడదు.

ఆ ధర్మాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు మహాదేవ్ దేశాయి. 1917లో గాంధీ దగ్గర చేరి, పాతికేళ్లు ఉత్తరాలూ తర్జుమాలూ డైరీలూ రాసి, 1942 ఆగస్టు 15న ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలోనే కన్నుమూశారు. 1920లో వచ్చిన ప్యారేలాల్ ఆ తరవాత ఆ భారం మోశారు. కల్యాణం 1922 ఆగస్టు 15న సిమ్లాలో తమిళ కుటుంబంలో పుట్టారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లి, ఆ తరవాత గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామ్ చేరారు. ఆయనకు టైపు బాగా వచ్చు.

అక్కడ పని తెల్లవారుజాము ప్రార్థనతో మొదలయ్యేది. గాంధీ కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో రాసేవారు. ఒకవైపు వాడిన కాగితాలనూ, విప్పదీసిన పాత కవర్లనూ పారేయనిచ్చేవారు కాదు. రాత వాటి మీదే. సోమవారం మౌనం కనుక చీటీలే మాటలు. ఆ రాతను పోల్చుకుని, సాపు చేసి, పంపవలసిన ప్రతిని పంపి, ఒక నకలు దస్త్రంలో దాచడం కార్యదర్శుల వంతు.

1947 సెప్టెంబరు నుంచి గాంధీ మకాం ఢిల్లీ బిర్లా భవనం. 1948 జనవరి 30న పటేల్‌తో మాటల్లో ప్రార్థనకు ఆలస్యమైంది. సాయంత్రం 5:17కు తుపాకీ పేలినప్పుడు కల్యాణం గాంధీకి దగ్గర్లోనే ఉన్నారు. గాంధీ ఆఖరి మాట ‘హే రామ్’ అని ప్రసిద్ధి. అది తనకు వినపడలేదని కల్యాణం చెబితే, గాంధీ ఆ మాట అననే లేదని ఆయన చెప్పినట్టు ప్రచారమైంది. 2018లో చెన్నైలో ఆయన దాన్ని సరిదిద్దారు: అనలేదని తాను ఎన్నడూ చెప్పలేదు, తాను వినలేదని మాత్రమే చెప్పానన్నారు. గాంధీ పోయిన డెబ్బై ఏళ్లకు కూడా, విన్నదానికి మించి ఒక్క మాట సాక్ష్యంలో చేరనివ్వని నిష్ఠ అది.

కల్యాణం చెన్నై తేనాంపేటలో చాలాకాలం నివసించారు. ముసలితనంలోనూ తోటపని స్వయంగా చేసుకున్నారు. అడిగినవారికల్లా గాంధీ దినచర్య వివరించారు. 2021 మే 4న 98 ఏళ్ల వయసులో మరణించారు.

కార్యదర్శుల శ్రమ గాంధీ సంపూర్ణ రచనల్లో నిలిచి ఉంది. 1958లో మొదలైన ఆ ఇంగ్లీషు గ్రంథమాల 100 సంపుటాలకు చేరింది. 1960 నుంచి ప్రధాన సంపాదకులుగా పనిచేసిన కె. స్వామినాథన్ అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంగ్లీషు ఆచార్యులు. సంపుటాల్లో ఎన్నో ఉత్తరాలకు ఆధారం ప్యారేలాల్ భద్రపరచిన కాగితాలే. దస్త్రంలో నకలు దాచినవారు ఉన్నందువల్లే ఆ ఉత్తరాలు తరవాతి తరాలకు దక్కాయి.