155 మీటర్ల చూపు

రాత్రి బండికి ఎంత వెలుగుండాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు తేల్చి చెప్పాయి: ముందున్న మనుషులూ బండ్లూ 155 మీటర్ల నుంచే స్పష్టంగా కనబడాలి. సోలాపూర్ నేత పేట అశోక్ చౌక్‌లో అడ్డం లేని 155 మీటర్ల రోడ్డు ఎక్కడుందో మాత్రం వాటిలో రాయలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనబడి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20. డిమ్ లైటు పనికొచ్చేదీ ఇంచుమించు ఆ దూరానికే. హైదరాబాద్ రోడ్డెక్కి 100 అందుకుంటే ఆగడానికి దగ్గర దగ్గర 100 మీటర్లు కావాలి. రెట్టింపు దూరాన అంతే వెలుగు పడాలంటే లైటు నాలుగింతలుండాలి. వేగం తగ్గించడమనే చవక ఉపాయం ఒకటుంది గానీ, దాన్ని ఏ దుకాణంలోనూ బిగించరు కనక గిరాకీ లేదు.

లైటు ఒక్కటే చాలదు. తెల్ల చద్దరు కప్పుకున్న ముసలాయన దూరం నుంచే కనబడతాడు. రాత్రి పాళీ దిగి నల్ల చొక్కాతో సైకిలెక్కిన సాంచాల (మరమగ్గాల) కార్మికుడు మీదికొచ్చేదాకా కనబడడు, వెనక లైటు లేని చెరకు ట్రాలీ కూడా అంతే. నల్ల పడుగులో నల్ల పోగు తెగితే వెతకడం ఎంత కష్టమో ఈ పేటలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే కార్ఖానాలో దీపం బట్ట మీదికి వేలాడుతుంది, నేసేవాడి కళ్లలోకి కాదు.

రోడ్డు మీద ఇది తిరగబడింది. హాలోజన్ బల్బులో తీగ ఎక్కడ వెలుగుతుందో చూసి రిఫ్లెక్టర్ వంపు తీరుస్తారు. అందులో చవక ఎల్ఈడీ దూరిస్తే వెలుగు పుట్టే చోటు తప్పి, రోడ్డు వదిలేసి ఎదుటివాడి కళ్లలోకీ, రెండో అంతస్తు బాల్కనీలోకీ చెదురుతుంది. కళ్లు జిగేల్మని మూడు సెకన్లు ఏమీ కనబడకపోతే 60 వేగంలో 50 మీటర్లు గుడ్డి ప్రయాణమే. ఆ కక్షతో అతనూ అప్పర్ కొడతాడు. ఇప్పుడు గుడ్డివాళ్లు ఇద్దరు.

రాత్రి డిప్పర్ వాడమని లారీల వెనక పెద్దక్షరాలతో రాయిస్తారు. ఎదురొచ్చేవాడికి అది కనబడదు. వెనకొచ్చేవాడు చదువుతాడు, తన అప్పర్ వెలుగులో.