గిత్తకు ఉద్యోగం

మా గుంటూరు, ప్రకాశం వైపు ఎవరు కంపెనీ పెట్టినా పేరు దేవుడిది, బొమ్మ ఒంగోలు గిత్తది. పత్తి జిన్నింగు మిల్లయినా, మిర్చి కోల్డ్ స్టోరేజీ అయినా అంతే. ఇద్దరూ నోరు తెరిచి వాటా అడగరు. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగితే 'వీరా' అని పేరుపెట్టి అక్కడా గిత్తనే నిలబెట్టారు. అంతకుముందు 1969లో చీలిపోయేదాకా కాంగ్రెసు వాళ్లు జోడెద్దుల గుర్తు మీదే ఓట్లు దున్నుకున్నారు.

ఈమధ్య ఒక మిర్చి కంపెనీ వాళ్లు "మా విలువలకు తగ్గ జంతువును ఎంచాలి, నాలుగు కథలు రాసినవారు కదా, మీరూ రండి" అని పిలిచారు. విలువలు అప్పటికే గోడకు అంటించి ఉన్నాయి: నిజాయితీ, నాణ్యత, వేగం. గోడకవతల కాటా దగ్గర తాలుకాయల తరుగు మీద ఒక రైతు గొంతు చించుకుంటున్నాడు. కిటికీ మూశారు. అరుపు ఆగింది గానీ ఘాటు ఆగలేదు. తుమ్ములతోనే మీటింగు మొదలైంది.

ఎవరో సింహం అన్నారు. పగలంతా పడుకుంటుంది, వేట ఎక్కువగా ఆడవాళ్లది, మొదటి ముద్ద మాత్రం మగాయనది. ఎవరూ చైర్మన్ గారి వైపు చూడలేదు. సింహం పోయింది. ఏనుగు ఒక పార్టీ గుర్తు. గేదె పేరు నేనెత్తాను, ఊళ్లలో పిల్లల ఫీజులు కడుతున్నది దాని పాలే కదా అని. "కంపెనీ బురదలో ఉందనుకుంటారండీ" అన్నాడు మార్కెటింగు కుర్రాడు.

రామచిలుక గట్టి అభ్యర్థి. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ పక్షుల్ని ఏమీ చెయ్యదు. మనం ఒక్కటి కొరికి చెంబెడు నీళ్లు తాగే కాయను అది జామపండులా తినేస్తుంది. 2018లో మన రాష్ట్రం పాలపిట్టను దింపి దీన్నే రాష్ట్రపక్షిని చేసింది. పైగా పైవాళ్లు ఏం చెబితే అదే తిరిగి చెబుతుంది. హెచ్చార్ మేడమ్ గారి కళ్లు మెరిశాయి. కానీ చేలో మంచెమీద వడిసెల తిప్పి చిలకల్ని తోలే రైతుకు ఆ బొమ్మ సంచీ ఇస్తే ఏమంటాడో అని ఆగిపోయారు.

మూల కూర్చున్న పెద్ద గుమాస్తా గారు గొంతు సవరించుకున్నారు. "నన్నడిగితే తామరపురుగు బొమ్మ వేయించండయ్యా."

2021లో నల్ల తామరపురుగు పడి పూతంతా రాలిపోయింది, రైతులు తోటలకు తోటలు పీకేశారు. దిగుబడి పడింది, ధర లేచింది. సరుకు దాచుకున్నవాడు బాగుపడ్డాడు. "మన కోసం అంత కష్టపడ్డ జీవి ఇంకోటి ఏదండీ?" అన్నారాయన. గోడమీది మొదటి విలువకు ఆ రోజు దక్కిన గౌరవం అదొక్కటే. మినిట్స్‌లోకి ఎక్కలేదు.

చివరికి గిత్తే గెలిచింది. దాని అందం కాదనలేం. బండలాగుడు పందెంలో బండ కదలబోయే ముందు గిట్టలు నేలలోకి దిగేసి, రెండు మెడలూ ఒక్కసారే వంగుతాయి చూడండి, అప్పుడు ఈలలు వేసే వాడు కూడా నోరు మూసుకుంటాడు. వెనక ములుగర్ర పట్టుకున్నవాణ్ని కూడా చూడాలనుకోండి. "కంపెనీ బొమ్మ కదా, ములుగర్ర కూడా వేయిద్దామా?" అన్నాను. టీ తెప్పించారు.

వారానికి హైదరాబాదు నుంచి బొమ్మ వచ్చింది. తెల్లటి ఒళ్లు, నిండు మూపురం, చెవికి పసుపు ప్లాస్టిక్ బిళ్ల. గీసిన కుర్రాడు ఇంటర్నెట్లో పట్టుకున్నది బ్రెజిల్ గిత్తను. 1960ల మొదట్లో మన ఒంగోలు పక్క కరవది గిత్త ఓడెక్కిపోయి అక్కడ పెద్ద వంశకర్త అయింది. నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలిచే ఆ జాతిలోని వియాటినా-19 అనే ఆవు ఖరీదు 2023లో 43 లక్షల డాలర్లు దాటింది.

చైర్మన్ గారు బొమ్మను మురిపెంగా చూశారు. "అచ్చం మా తాతగారి దొడ్లో గిత్తేనయ్యా. ఆ బిళ్లొక్కటి చెరిపించండి."

"ఉండనివ్వండయ్యా," అన్నారు గుమాస్తా గారు, "ఎక్స్‌పోర్టు క్వాలిటీ అనుకుంటారు."