పంప్ షాట్‌గన్‌కు కొత్త ఫోరెండ్: కొనేవారికి, బిగించేవారికి అమూల్య సలహాలు

అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొన్నారు, గరాజ్ నిండింది. పక్కింటాయన్ని చూసి ఒక పంప్ షాట్‌గన్ కూడా కొన్నారు. కొన్న నాటి నుంచీ ఒకటే దిగులు. బ్యారెల్ కింద చేత్తో పట్టుకుని వెనక్కీ ముందుకీ ఆడించే ఆ ఫోరెండ్ మరీ పాతకాలందిలా ఉంది, మార్చెయ్యాలి. మీలాంటి వారి కోసమే ఈ సలహాలు. హెచ్1బి మీద ఉన్నవారికి ఇవి వర్తించవు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా వారి దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఫోరెండ్ల బొమ్మలు చూస్తూ కాలక్షేపం చేయొచ్చు. మనవాళ్ళ క్యూ సంగతి తెలిసిందే కాబట్టి తొందరేమీ లేదు.

1. మోడల్ పేరు అడిగితే చిన్నబుచ్చుకోండి

దుకాణంలో కుర్రాడు "ఏ తుపాకీకి?" అంటాడు. "నల్లదానికి" అనండి. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870కి చేసింది మాస్‌బర్గ్ 500కి పట్టదనీ, 12 గేజ్‌ది 20 గేజ్‌కి కుదరదనీ, ఒకే మోడల్‌లో కూడా ఫోరెండ్ లోపలి గొట్టం పొడవులో తేడాలుంటాయనీ, కొలిచి రమ్మనీ చెబుతాడు. అవన్నీ అమ్ముకునేవాడి మాటలు. మీది మావరిక్ 88 అయితే మరీ మంచిది. దాని ఫోరెండ్‌ను యాక్షన్ కడ్డీలకు పిన్ను కొట్టి బిగిస్తారు. మార్చాలంటే కడ్డీలతో సహా మొత్తం కొనాల్సిందే. ఈ ముక్క కొత్త ఫోరెండ్ పెట్టె చించాకే తెలుసుకోండి.

2. ఎంత పొడవుంటే అంత దర్జా

ఫోరెండ్ అలంకారం కాదు, యంత్రంలో భాగం అని చాదస్తులు అంటారు. వెనక్కి లాగితే పేలిన షెల్ బయటపడి హ్యామర్ ఎక్కుతుంది, ముందుకు తోస్తే కొత్త షెల్ ఛాంబర్‌లోకి వెళ్ళి బోల్ట్ లాక్ అవుతుంది. పూర్తిగా వెనక్కి రాకపోతే వీటిలో ఏదో ఒకటి సగంలో ఆగిపోతుంది. బోరింగు పంపు పిడి సగమే కొడితే నీళ్ళు రావు కదా, అదే లెక్క. మీరివేవీ తలకెక్కించుకోకండి. రిసీవర్ పక్కన అదనపు షెల్స్ పెట్టుకునే సైడ్ శాడిల్ బిగించి, దానికి తగిలేంత పొడుగు ఫోరెండ్ కొనండి. వెనక్కి లాగినప్పుడు అంగుళం ముందే టక్కుమని ఆగుతుంది. చూసినవాళ్ళు అడిగితే "కొత్తది కదా, బిగువుగా ఉంది" అనండి.

3. తగిలించగలిగినవన్నీ తగిలించండి

మూడు పక్కలా అల్యూమినియం రెయిల్స్ ఉన్నదే కొనండి. అరచేతి తోలు కొంచెం లేస్తుంది, అంతే. కింద నిలువు పిడి, పక్కన లేజర్, ఆ పక్కన టార్చి. ముందు భాగం బరువెక్కి తుపాకీ మూతి నేల చూస్తుంటే వినయం అనుకోండి. టార్చి మీట సరిగ్గా బొటనవేలి కిందకు రావాలి. అప్పుడు పంప్ చేసినప్పుడల్లా వెలిగి ఆరుతుంది, మీరెక్కడ నిలబడ్డారో ఎదుటివాడు వెతుక్కోనక్కర్లేదు. రాత్రిపూట అలికిడైతే ఆ టార్చే వేసి చూడండి. వెలుగు ఎటు పడితే తుపాకీ గురి కూడా అటే. అక్కడున్నది మంచినీళ్ళకు లేచిన అత్తగారైతే, పెద్దమనసు చేసుకుని ఆవిడే సర్దుకుంటారు.

4. పొట్టి తుపాకీకి పట్టీ ఎందుకు?

2017లో వచ్చిన మాస్‌బర్గ్ షాక్‌వేవ్‌కు బ్యారెల్ 14 అంగుళాల పైచిలుకే. ఎదురుదెబ్బకు చెయ్యి జారి మూతి ముందుకు పోకుండా దాని ఫోరెండ్‌కు ఒక పట్టీ పెట్టారు. ఫొటోలో అది ఏమీ బాగుండదు. పట్టీ లేని నున్నటి ఫోరెండ్ వేయించండి. దేవుడు వేళ్ళు పదిచ్చాడు.

5. ఖాళీదే అని నమ్మండి

విప్పే ముందు యాక్షన్ తెరిచి, ఛాంబర్ చూసి, మ్యాగజైన్ గొట్టంలో ఏమీ లేదని వేలు పెట్టి మరీ చూసి, మందుగుండు వేరే గదిలో పెట్టమంటారు. ఇంట్లో తుపాకీని అంత అనుమానిస్తే ఎలా? నమ్మకం లేని చోట కాపురం చేయలేం. పేలితే గోడకు పడే కంతకు హోమ్ డిపోలో పుట్టీ దొరుకుతుంది. గోడ అవతల ఉన్నవారికి మాత్రం ఏ దుకాణంలోనూ ఏమీ దొరకదు. అందుకే గోడ అవతల ఎవరున్నారన్న ఆలోచన పెట్టుకోకండి.

6. పనిముట్టు కొనకండి

870 ఫోరెండ్ ముందు కొసన గుండ్రటి నట్టు ఉంటుంది. దానికి ఎదురెదురుగా రెండు గంట్లు. ఆ గంట్లలో కూర్చునే రెండు పళ్ళ రెంచి విడిగా అమ్ముతారు. దండగ. ఒక గంట్లో స్క్రూడ్రైవర్ మొన ఆనించి పక్క నుంచి సుత్తితో కొట్టండి. మొదటి దెబ్బకు గంటి అంచు చిట్లి పైకి లేస్తుంది, రెండో దెబ్బకు స్క్రూడ్రైవర్ జారి పక్కనే పెట్టిన కొత్త ఫోరెండ్‌కు గీత పడుతుంది, మూడో దెబ్బకు నట్టు కదులుతుంది. కదిలింది కదా!

7. రాకపోతే బలం చూపించండి

870కి బ్యారెల్ తీశాక ఫోరెండ్ ముందుకు లాగితే ఒక చోట పట్టేస్తుంది. రిసీవర్ లోపల ఎడమ పక్కనున్న షెల్ లాచ్ నొక్కితే మెత్తగా వచ్చేస్తుందని మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ చదివేవాడు మగాడేనా? కాలు అడ్డం పెట్టి లాగండి. ఆ లాచ్‌ను రిసీవర్‌లో లోహం నొక్కి నిలబెడతారు. ఒకసారి వదులైతే మళ్ళీ బిగించడం ఇంట్లో అయ్యే పని కాదు. ఫోరెండ్ వెంబడి బోల్టూ, దాని కింది స్లైడూ కూడా బయటికొచ్చి కార్పెట్ మీద పడతాయి. ఏది ఎటు తిరిగి ఉందో ఫొటో తీసుకోకండి, జ్ఞాపకశక్తికి పదును పెట్టినట్టుంటుంది.

8. పరీక్ష అర్ధరాత్రే

డమ్మీ షెల్స్ వేసి, నింపి, లాగి, తోసి, ప్రతిదీ బయటపడుతోందో లేదో పగలు చూసుకోమంటారు. ఆ తరవాత రేంజ్‌కు వెళ్ళి నిజం షెల్స్‌తో కాల్చమంటారు. అక్కర్లేదు. పంప్ లాగిన చప్పుడుకే దొంగ పారిపోతాడని అమెరికా అంతా చెప్పుకుంటారు. చప్పుడు వస్తోంది కదా, ఇక తుపాకీ పేలడంతో పనేముంది?

9. పాత ఫోరెండ్ పారెయ్యండి

చివరికి అన్నీ కలిపి సంచీలో పోసుకుని గన్‌స్మిత్ దగ్గరికి వెళ్తారు. పాతదే మళ్ళీ వేద్దామని ఆయన అడుగుతాడు, అది లేదని చెప్పండి. చిట్లిన నట్టు వెలుతురులో తిప్పి చూసి, ఎవరు విప్పారని అడుగుతాడు. కొన్నప్పుడే ఇలా ఉందనండి. బిల్లు ఎలాగూ ఒకటే.